కిట్ జీఎల్‌పీ-1 అంటోంది. యాంటీబాడీ నిజంగా పట్టుకున్నది దేన్ని?

జువాలజీ విశాఖ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేత మారితే ఎలుకల్లో పేగు హార్మోన్లు ఎలా మారతాయన్నది నా రీసెర్చ్. మా డిపార్ట్‌మెంట్‌లో ఈ టాపిక్ మీద ఉన్నది నేనొక్కదాన్నే, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

జీఎల్‌పీ-1 అనే పేగు హార్మోన్ కొలవడానికి శాండ్‌విచ్ ఎలైజా కిట్ (హార్మోన్‌ని రెండు యాంటీబాడీల మధ్య పట్టి రంగుతో కొలిచేది) తెప్పించాం. రాత్రంతా మేత లేకుండా ఉంచిన ఎలుకల రక్తానికీ, మేత పెట్టాక తీసిన రక్తానికీ పెద్ద తేడా రావడం లేదు. పరగడుపు విలువలే బాగా ఎక్కువగా ఉన్నాయి. తెలిసిన మోతాదులతో గీసే స్టాండర్డ్ కర్వ్ చక్కగా వచ్చింది, డూప్లికేట్లు కూడా దగ్గరగానే ఉన్నాయి. రక్తం ఈడీటీఏ ట్యూబుల్లో తీశాను, జీఎల్‌పీ-1ని కోసే డీపీపీ-4 ఎంజైముని ఆపే ఇన్హిబిటర్ ముందే వేసి ఉంచాను, ఐసులో పెట్టి కోల్డ్ సెంట్రిఫ్యూజ్ చేశాను.

కిట్‌తో వచ్చిన కాగితంలో యాంటీబాడీ గురించి ఒక్క ముక్కే ఉంది: "జీఎల్‌పీ-1కి మాత్రమే స్పందిస్తుంది". గైడ్ గారేమో కర్వ్ బాగుంది కదా, రాసేయమంటున్నారు. వైవాలో "నువ్వు కొలిచింది జీఎల్‌పీ-1 అనడానికి రుజువేంటి?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది. దయచేసి దారి చూపించండి.

గుంటూరు ల్యాబ్ డాక్టర్ | సోమవారం, రాత్రి 10:25

అసలు అడగాల్సిన ప్రశ్న అదేనమ్మా, మీరు సరిగ్గానే పట్టుకున్నారు. కర్వ్ బాగుందంటే యాంటీబాడీ కంపెనీ ఇచ్చిన శుద్ధమైన పెప్టైడ్‌ని బాగా పట్టుకుంటోందని మాత్రమే అర్థం. ప్లాస్మాలో ఇంకా దేన్ని పట్టుకుంటోందో కర్వ్ చెప్పదు.

జీఎల్‌పీ-1 విషయంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. ప్రోగ్లూకగాన్ అనే 160 అమైనో ఆమ్లాల ప్రోటీన్ ఒకటే, కానీ క్లోమంలో ఒక రకంగా, పేగులో మరో రకంగా ముక్కలవుతుంది. క్లోమంలోని ఆల్ఫా కణాల నుంచి ముఖ్యంగా గ్లూకగాన్ వస్తుంది. పేగులోని ఎల్ కణాల నుంచి గ్లైసెంటిన్, ఆక్సింటోమాడ్యులిన్, జీఎల్‌పీ-1, జీఎల్‌పీ-2 వస్తాయి. జీఎల్‌పీ-1లో పనిచేసే రూపం 7-36 అమైడ్ (అంకెలు గొలుసులో ఎన్నో అమైనో ఆమ్లం నుంచి ఎన్నోదాని దాకానో చెబుతాయి). రక్తంలోకి రాగానే డీపీపీ-4 ఎంజైము దాని ఎన్-చివర (మొదటి కొస) రెండు అమైనో ఆమ్లాలు కోసేస్తుంది, 9-36 మిగులుతుంది. పనిచేసే రూపం సగమవడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. పైగా 7-37 అనే ఇంకో రూపం ఉంది, క్లోమం నుంచి అసలు కత్తిరించని 1-36 రూపం కూడా కొంత వస్తుంది.

ఇప్పుడు చూడండి. ఎన్-చివరని చూసే యాంటీబాడీ ఉంటే అది 'యాక్టివ్' కొలత. సీ-చివరి (ఆఖరి కొస) అమైడ్‌ని చూసేదైతే 7-36, 9-36, 1-36 మూడింటినీ కలిపి కొలుస్తుంది, 7-37ని వదిలేస్తుంది. మధ్య భాగాన్ని చూసేవైతే దాదాపు అన్నీ వచ్చి పడతాయి. మీ కిట్‌లో రెండు యాంటీబాడీలూ ఏయే చోట్ల పడతాయో కంపెనీకి మెయిల్ పెట్టి అడగండి. వాళ్లు చెప్పకపోతే ఆ కిట్‌ని థీసిస్‌కి వాడకండి.

పాతకాలం ఆర్ఐఏ | మంగళవారం, ఉదయం 6:10

ముంబైలో రేడియో ఇమ్యునోఅస్సే (ఆర్ఐఏ, రేడియోధార్మికతతో హార్మోన్లు కొలిచే పద్ధతి) ల్యాబ్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని. ఈ ప్రశ్న చూస్తే ప్రాణం లేచొచ్చింది. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఈ పద్ధతి పుట్టిందే ఎవరూ ఊహించని చోట యాంటీబాడీ కనిపించడం వల్ల. న్యూయార్క్‌లో బ్రాంక్స్ వెటరన్స్ ఆసుపత్రి. రోజలిన్ యాలో ఫిజిక్స్ చదివిన మనిషి, సాలమన్ బెర్సన్ డాక్టరు. పెద్దవాళ్లలో డయాబెటిస్‌కి కారణం ఇన్సులిన్ మరీ తొందరగా విరిగిపోవడమేనని అప్పట్లో మిర్‌స్కీ అనే ఆయన ప్రతిపాదించాడు. సరే చూద్దామని వీళ్లిద్దరూ ఇన్సులిన్‌కి రేడియోధార్మిక అయోడిన్-131 తగిలించి రక్తంలోకి ఎక్కించారు. తీరా చూస్తే ఇన్సులిన్ ఇంజెక్షన్లు వాడుతున్నవాళ్లలో అది తొందరగా పోవడం మాట అటుంచి, మామూలు వాళ్లలో కంటే ఎక్కువసేపు రక్తంలోనే ఉండిపోయింది. ఏదో దాన్ని పట్టి ఉంచుతోంది. ఆ ఏదో యాంటీబాడీయే.

ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలే. అంత చిన్న అణువుకి యాంటీబాడీలు రావని ఆనాటి ఇమ్యునాలజీ పెద్దల నమ్మకం. పేపరుని ఒక పత్రిక తిప్పి పంపింది. రెండో పత్రిక కూడా ముందు వద్దని, చివరికి శీర్షికలో 'ఇన్సులిన్ యాంటీబాడీ' అనే మాట తీసేసి 'ఇన్సులిన్‌ని బంధించే గ్లోబ్యులిన్' అని పెట్టాకే 1956లో వేసుకుంది. 1977లో నోబెల్ అందుకున్నప్పుడు యాలో ఆ తిరస్కరణ ఉత్తరాన్ని తన ఉపన్యాసంలోనే చూపించారు. బెర్సన్ అప్పటికి లేరు, 1972లోనే పోయారు. ఆయన ఉండి ఉంటే ఆ బహుమతి ఇద్దరిదీ అయ్యేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఇక పద్ధతి. ఆర్టీసీ బస్సులో సీట్లు కొన్నే ఉన్నాయనుకోండి. సీట్లంటే యాంటీబాడీలు. ఎర్ర కండువా వేసుకున్న మనుషుల్ని లెక్కపెట్టి ఎక్కిస్తాం, వాళ్లు రేడియోధార్మిక హార్మోన్. కండువా లేనివాళ్లు, అంటే పేషెంటు రక్తంలోని హార్మోన్, ఎంతమంది ఎక్కితే అంతమంది కండువా వాళ్లకి సీటు దొరకదు. కూర్చున్న ఎర్ర కండువాలు ఎంత తగ్గితే రక్తంలో హార్మోన్ అంత ఎక్కువ. లీటరుకి పికోమోల్స్‌లో ఉండే పదార్థాన్ని ఇలా కొలిచారు.

దీనికి యాంటీబాడీలు గినీపిగ్స్‌లో తయారు చేశారు. గినీపిగ్ ఇన్సులిన్ ఆవు, పంది ఇన్సులిన్లకి చాలా దూరంగా ఉంటుంది. అందుకే దాని శరీరం వాటిని పరాయివిగా గట్టిగా గుర్తిస్తుంది. అలా వచ్చిన యాంటీబాడీ మనిషి ఇన్సులిన్‌ని కూడా పట్టుకోవడంతో మనిషి రక్తంలో ఇన్సులిన్ కొలిచే పద్ధతి సాధ్యమైంది. పూర్తి పేపరు 1960లో వచ్చింది. దీన్ని పేటెంట్ చేసుకోకుండా అందరికీ వదిలేశారు. నా జీతం అంతా ఆ నిర్ణయం మీద బతికిందే అంటే తప్పు కాదు.

మీ సమస్యకి వస్తే, ముందు డైల్యూషన్ చేయండమ్మా. ఎక్కువ వచ్చిన ప్లాస్మాని 2 రెట్లు, 4 రెట్లు, 8 రెట్లు పలచన చేసి, వచ్చిన విలువని మళ్లీ అన్ని రెట్లతో హెచ్చించండి. అన్నీ ఒకే అంకె దగ్గరికి రావాలి. రాకపోతే ప్లేట్‌లో ఉన్నది మీ స్టాండర్డ్ లాంటిది కాదు, లేదా ప్లాస్మాలో ఇంకేదో అడ్డు పడుతోంది.

జువాలజీ విశాఖ | మంగళవారం, ఉదయం 8:55

పాతకాలం సార్, మీకు చాలా థ్యాంక్స్. డాక్టర్ గారూ, కంపెనీకి మెయిల్ పెట్టాను. ఒక సందేహం. శాండ్‌విచ్‌లో రెండు యాంటీబాడీలు ఉంటాయి కదా, రెండూ పట్టుకుంటేనే రంగు వస్తుంది. అయినా తప్పు పట్టుకునే అవకాశం ఉంటుందా?

పేగు హార్మోన్ పోస్ట్‌డాక్ | మంగళవారం, మధ్యాహ్నం 1:30

కోపెన్‌హాగెన్ నుంచి. మాది ఖమ్మం. జీఎల్‌పీ-1 మీద జీవితమంతా పనిచేసిన జెన్స్ హోల్‌స్ట్, గ్యాస్ట్రిన్-సీసీకే మీద పనిచేసిన జెన్స్ రేఫెల్ట్ ఇద్దరూ ఈ ఊరివాళ్లే. అందుకే ఇక్కడ ఎవరైనా అంకె చెబితే "ఏ యాంటీసీరమ్‌తో (యాంటీబాడీలున్న సీరమ్)?" అని అడగడం అలవాటు.

రెండు యాంటీబాడీలుంటే ప్రత్యేకత పెరుగుతుంది, నిజమే. కానీ రెండూ ఒకేసారి కూర్చోడానికి హార్మోన్ మీద చోటు ఉండాలి. ఆక్సిటోసిన్ అనే హార్మోన్‌లో తొమ్మిది అమైనో ఆమ్లాలు, టీఆర్‌హెచ్ అనే హార్మోన్‌లో మూడే. వాటికి శాండ్‌విచ్ కుదరదు, పాతకాలం సార్ బస్సు సీట్లతో చెప్పిన పోటీ పద్ధతే గతి. అంత చిన్నవాటికి యాంటీబాడీ తెప్పించడం కూడా కష్టమే. అల్బుమిన్ లాంటి పెద్ద ప్రోటీన్‌కి గ్లూటరాల్డిహైడ్‌తోనో కార్బోడైమైడ్‌తోనో అంటించి జంతువుకి ఇవ్వాలి. ఏ చివర అంటిస్తే ఆ చివర మూసుకుపోతుంది, యాంటీబాడీ ఎక్కువగా రెండో చివరని చూసేలా తయారవుతుంది. తెలివైనవాళ్లు ఈ లక్షణాన్నే వాడుకుని కావాల్సిన చివరకి యాంటీబాడీ చేయించుకుంటారు.

రేడియో అయోడిన్ తగిలించడంలో ఇంకో తిప్పలు. అయోడిన్ వెళ్లి కూర్చునేది టైరోసిన్ మీద. సోమటోస్టాటిన్ అనే హార్మోన్‌లో టైరోసిన్ లేనే లేదు. అందుకే టైరోసిన్ చేర్చిన రూపాన్ని విడిగా తయారు చేసి ట్రేసర్‌గా (రేడియోధార్మిక గుర్తున్న హార్మోన్‌గా) వాడాల్సి వచ్చింది.

ఇప్పుడు మీ ప్రశ్నకి సరిపోయే కథ. గ్యాస్ట్రిన్ జీర్ణాశయం హార్మోన్, సీసీకే చిన్నపేగు హార్మోన్. రెండింటికీ సీ-చివర ఐదు అమైనో ఆమ్లాలు అక్షరం పొల్లుపోకుండా ఒకటే. 1975లో వాండర్‌హేగెన్ బృందం మెదడులో గ్యాస్ట్రిన్ యాంటీబాడీకి స్పందించే పెప్టైడ్ ఉందని ప్రచురించింది. మరుసటి ఏడాది డాక్రే వేర్వేరు భాగాల్ని చూసే యాంటీబాడీలతో పరీక్షించి, అది గ్యాస్ట్రిన్ కంటే సీసీకేకి దగ్గరగా ఉందని చూపించాడు. ఆ తర్వాత రేఫెల్ట్ మెదడులో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం సీసీకేయేనని స్థిరపరిచాడు. మొదటి యాంటీబాడీ అబద్ధం చెప్పలేదు. అది చూసింది ఆ ఐదు అమైనో ఆమ్లాల్నే, అవి నిజంగానే అక్కడున్నాయి. ఆ ఒక్క చివరని చూసి మొత్తం హార్మోన్ పేరు పెట్టడం దగ్గరే పొరపాటు జరుగుతుంది. అలాగని ఆ పేపరు వృథా కాదు, ఆహారం అరిగించే హార్మోన్ మెదడు కణాల్లో కూడా ఉందన్న పెద్ద సంగతి దాంతోనే మొదలైంది.

రక్తంలో సీసీకే కొలవడం అందుకే ఏళ్ల తరబడి గందరగోళంగా నడిచింది. గ్యాస్ట్రిన్ దానికంటే చాలా ఎక్కువ ఉంటుంది కాబట్టి, యాంటీబాడీకి కొంచెం క్రాస్ రియాక్షన్ (పోలికున్న వేరేదాన్ని పట్టుకోవడం) ఉన్నా వచ్చే అంకెంతా గ్యాస్ట్రిన్‌దే.

2014లో ఇక్కడి బృందం మార్కెట్‌లో దొరికే జీఎల్‌పీ-1 కిట్లను పక్కపక్కన పెట్టి పరీక్షించింది. కిట్‌కీ కిట్‌కీ పొంతన లేదు. శుద్ధ పెప్టైడ్‌ని బాగా పట్టి, ప్లాస్మాలో కలిపితే పట్టలేనివీ ఉన్నాయి. కాబట్టి డైల్యూషన్‌తో పాటు రికవరీ కూడా చేయండి. పరగడుపు ప్లాస్మాలో తెలిసిన మోతాదు జీఎల్‌పీ-1 కలిపి, కలిపినంతా పెరుగుతుందో లేదో చూడండి. గ్లూకగాన్, జీఎల్‌పీ-2, 9-36 రూపం కూడా విడివిడిగా బఫర్‌లో వేసి అదే ప్లేట్‌లో నడపండి.

నల్గొండ ఆడపడుచు | మంగళవారం, సాయంత్రం 6:45

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మీరు రాసేవి చదువుతుంటే మా అమ్మ రిపోర్ట్ గుర్తొచ్చింది. ఆమెకి టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని నడిపే హార్మోన్) బాగా తక్కువ, ఫ్రీ టీ4 (థైరాయిడ్ హార్మోన్) బాగా ఎక్కువ, థైరాయిడ్ మీద పనిచేసే యాంటీబాడీ పరీక్ష కూడా పాజిటివ్. గ్రేవ్స్ (థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు) అని చెప్పి మాత్రలు రాశారు. కానీ అమ్మకి గుండెదడ లేదు, బరువు తగ్గలేదు, చేతులు వణకడం లేదు, నిక్షేపంగా ఉంది. టీఎస్‌హెచ్ కూడా ఇలా యాంటీబాడీతోనే కొలుస్తారా?

గుంటూరు ల్యాబ్ డాక్టర్ | మంగళవారం, రాత్రి 7:20

అవునమ్మా, టీఎస్‌హెచ్‌ని శాండ్‌విచ్ పద్ధతిలోనే కొలుస్తారు. ముందు ఒకటి చెప్పండి. అమ్మగారు జుట్టుకో గోళ్లకో ఏమైనా మాత్రలు వాడుతున్నారా?

నల్గొండ ఆడపడుచు | మంగళవారం, రాత్రి 7:31

జుట్టు ఊడుతోందని పక్కింటావిడ చెబితే బయోటిన్ మాత్రలు వాడుతోంది సార్. 10,000 మైక్రోగ్రాములు అని డబ్బా మీద ఉంది. అది విటమినే కదా అని డాక్టర్ గారికి చెప్పలేదు.

గుంటూరు ల్యాబ్ డాక్టర్ | మంగళవారం, రాత్రి 8:05

ఈ సంగతి ఇవాళే డాక్టర్ గారికి చెప్పండి. పెద్దవాళ్లకి రోజుకి సరిపోయే బయోటిన్ దాదాపు 30 మైక్రోగ్రాములే.

ఎందుకంటే చాలా మెషీన్లలో యాంటీబాడీకి బయోటిన్ తగిలించి, స్ట్రెప్టావిడిన్ పూసిన చిన్న పూసలకి అతుక్కునేలా చేస్తారు. ఆ రెండింటి పట్టు అంత గట్టిది. రక్తంలో విడి బయోటిన్ ఎక్కువైతే అది ముందే వెళ్లి స్ట్రెప్టావిడిన్‌ని ఆక్రమిస్తుంది, అసలు యాంటీబాడీ కడిగేటప్పుడు కొట్టుకుపోతుంది. సిగ్నల్ పడిపోతుంది. శాండ్‌విచ్‌లో సిగ్నల్ తక్కువంటే హార్మోన్ తక్కువని మెషీన్ లెక్క, కాబట్టి టీఎస్‌హెచ్ తగ్గినట్టు వస్తుంది. పోటీ పద్ధతిలో సిగ్నల్ తక్కువంటే హార్మోన్ ఎక్కువ, కాబట్టి ఫ్రీ టీ4 పెరిగినట్టు వస్తుంది. గ్రేవ్స్‌కి చేసే యాంటీబాడీ పరీక్ష కూడా కొన్ని మెషీన్లలో పోటీ పద్ధతే, అది కూడా పాజిటివ్ అయి కూర్చుంటుంది. మూడూ కలిపి అచ్చం గ్రేవ్స్ లాగే కనిపిస్తాయి. అమెరికాలో ఎఫ్‌డీఏ 2017లో దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది.

ఇంత మోతాదు వాడేవాళ్లకి సాధారణంగా రెండు మూడు రోజులు బయోటిన్ ఆపి మళ్లీ రక్తం ఇమ్మంటాం. థైరాయిడ్ మాత్రల సంగతి మాత్రం మీ డాక్టర్ గారితో మాట్లాడి తేల్చుకోండి, మీ అంతట మీరు ఏదీ మొదలుపెట్టొద్దు, ఆపొద్దు.

ఎండో రెసిడెంట్ వరంగల్ | మంగళవారం, రాత్రి 11:50

డ్యూటీ మధ్యలో చదువుతున్నాను. క్లినిక్‌లో నన్ను ఎక్కువ భయపెట్టేది హుక్ ఎఫెక్ట్. పిట్యూటరీలో పెద్ద గడ్డ, చూపు మసకబారిన పేషెంటు. అంత గడ్డకి ప్రోలాక్టిన్ (పిట్యూటరీ నుంచి వచ్చే పాల హార్మోన్) వేలల్లో ఉండాలి, రిపోర్ట్‌లో కాస్త పెరిగినట్టు మాత్రమే ఉంది. అలాగే నమ్మితే వెంటనే ఆపరేషన్ అనేవాళ్లం. మా మేడమ్ ల్యాబ్‌కి ఫోన్ చేసి 100 రెట్లు పలచన చేసి మళ్లీ పెట్టమన్నారు. అసలు విలువ అప్పుడు బయటపడింది. మొదటి వైద్యం గడ్డని కుదించే కబెర్గోలిన్ మాత్రలే అయింది.

హార్మోన్ మరీ ఎక్కువైతే రెండు యాంటీబాడీలకీ వేర్వేరు అణువులు తగులుకుంటాయి. ఒకే అణువు మీద రెండూ కలిసే శాండ్‌విచ్ తయారవదు, అందుకే అంకె తక్కువ వస్తుంది. ద్రాక్షగుత్తి గర్భంలో హెచ్‌సీజీ (గర్భం హార్మోన్) విపరీతంగా పెరిగి ప్రెగ్నెన్సీ టెస్ట్ నెగటివ్ రావడం కూడా ఇదే కారణంతో జరుగుతుంది.

దీనికి పూర్తి వ్యతిరేకం మాక్రోప్రోలాక్టిన్. హార్మోన్ పేషెంటు సొంత యాంటీబాడీతోనే జతకట్టి రక్తంలో పేరుకుంటుంది. అంకె ఎక్కువ, జబ్బు లేదు. పీఈజీ అనే రసాయనం కలిపి ఆ జతల్ని అవక్షేపం చేశాక మళ్లీ కొలిస్తే తేలిపోతుంది.

గుంటూరు ల్యాబ్ డాక్టర్ | బుధవారం, ఉదయం 7:15

హెచ్‌సీజీ ఎత్తారు కాబట్టి ఒక్క మాట. కొందరి రక్తంలో ఎలుక యాంటీబాడీల్ని పట్టుకునే యాంటీబాడీలు ఉంటాయి. హార్మోన్ లేకుండానే అవి శాండ్‌విచ్‌లోని రెండు యాంటీబాడీల్ని కలిపేస్తాయి. ఇలా వచ్చిన తప్పుడు హెచ్‌సీజీ అంకెని చూసి, లేని క్యాన్సర్‌కి అమెరికాలో కొందరు ఆడవాళ్లకి కీమోథెరపీ ఇచ్చారు, గర్భసంచి తీసేశారు. అవి పెద్ద అణువులు, మూత్రంలోకి దిగవు. ఒక్క మూత్ర పరీక్ష చేసి ఉంటే తెలిసిపోయేది. ఈ విషయం తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఎంఎస్ బెంగళూరు | బుధవారం, ఉదయం 10:40

ఇన్ని చిక్కులుంటే యాంటీబాడీని పట్టుకుని వేలాడటం ఎందుకండీ? మాస్ స్పెక్ట్రోమెట్రీ పెప్టైడ్‌ని దాని బరువుతో, ముక్కలతో గుర్తిస్తుంది. ఐరిసిన్ సంగతి చూడండి. 2012లో వ్యాయామ హార్మోన్ అని పేరొచ్చింది, కిట్లు కుప్పలుగా వచ్చాయి, పేపర్లు వందల్లో వచ్చాయి. 2015లో ఒక బృందం ఆ కిట్ల యాంటీబాడీలు రక్తంలో వేరే ప్రోటీన్లని పడుతున్నాయని చూపించింది. అదే ఏడాది మొదటి బృందం మాస్ స్పెక్‌తో మనిషి రక్తంలో ఐరిసిన్ మిల్లీలీటరుకి సుమారు 3 నుంచి 4 నానోగ్రాములని చూపించింది. కొన్ని కిట్లలో వచ్చిన అంకెలకీ దీనికీ పోలికే లేదు.

పాతకాలం ఆర్ఐఏ | బుధవారం, మధ్యాహ్నం 12:05

బాబూ, ఐరిసిన్ గురించి మీరు చెప్పింది నిజం. కానీ అది నానోగ్రాముల్లో ఉంది. పరగడుపు జీఎల్‌పీ-1 లీటరుకి కొద్ది పికోమోల్స్. మీ మెషీన్ నేరుగా ఎలుక ప్లాస్మాలో, అందులోనూ కొన్ని చుక్కల్లో, దాన్ని చూడగలదా?

ఎంఎస్ బెంగళూరు | బుధవారం, మధ్యాహ్నం 12:50

నేరుగా చాలా కష్టం సార్. ముందు యాంటీబాడీతో లాగి, గాఢత పెంచి, ఆ తర్వాత మాస్ స్పెక్‌లో పెడతాం.

పాతకాలం ఆర్ఐఏ | బుధవారం, మధ్యాహ్నం 1:02

అదే నేననేది. యాంటీబాడీ పట్టిస్తుంది, మీ మెషీన్ పట్టిందేమిటో చెబుతుంది. మేము ఆ రోజుల్లో జెల్ కాలమ్ మీద ప్లాస్మాని పరిమాణం ప్రకారం విడదీసి, ఒక్కో గొట్టాన్నీ ఆర్ఐఏ చేసేవాళ్లం. 1968లో బెర్సన్, యాలో పారాథైరాయిడ్ హార్మోన్ రక్తంలో ఒకే రూపంలో లేదని గుర్తించింది రెండు రకాల యాంటీసీరమ్‌లు రెండు రకాల జవాబులు ఇవ్వడం వల్లే. యాంటీబాడీలు ఒకదానితో ఒకటి విభేదిస్తే దాన్ని తలనొప్పి అనుకోకండి, అక్కడ కొత్త సంగతి ఉన్నట్టు. కిడ్నీ పాడైనవాళ్లలో ఆ హార్మోన్ ముక్కలు పేరుకోవడం ఇప్పటికీ రోజూ ఎదురయ్యే సమస్యే. 'ఇంటాక్ట్' అని పిలిచే పరీక్ష కూడా మొదటి కొస తెగిపోయిన 7-84 ముక్కని కొంత కలిపే లెక్కేస్తుంది.

నల్గొండ ఆడపడుచు | ఆదివారం, సాయంత్రం 5:20

డాక్టర్ గారూ, బయోటిన్ ఆపి మళ్లీ రక్తం ఇచ్చాం. మూడు పరీక్షలూ నార్మల్. మా డాక్టర్ గారు థైరాయిడ్ మాత్రలు వద్దన్నారు. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. అమ్మ మీకు నమస్కారం చెప్పమంది.

జువాలజీ విశాఖ | సోమవారం, రాత్రి 8:30

మీరందరూ చెప్పినవి చేశాను. డైల్యూషన్ కుదరలేదు. పలచన చేసి హెచ్చించేకొద్దీ విలువ పెరుగుతూ పోతోంది. రికవరీ కూడా తక్కువే, కలిపినదాంట్లో సగం దాకానే కనబడుతోంది. గ్లూకగాన్, జీఎల్‌పీ-2 వేసిన గుంటల్లో రంగు రాలేదు, 9-36 మాత్రం పూర్తిగా వచ్చింది. కంపెనీ జవాబు: ఒక యాంటీబాడీ మధ్య భాగానికి, రెండోది సీ-చివరి అమైడ్‌కి. అంటే ఇది 'టోటల్' కొలత, యాక్టివ్ కాదు. ఇన్హిబిటర్ వేశాను కాబట్టి యాక్టివ్ రూపాన్నే కొలుస్తున్నానని అనుకుంటూ ఉన్నాం. గైడ్ గారికి ప్లేట్ చూపిస్తే ఆయనే "ఇది ఇలా రాయకూడదు" అన్నారు.

పేగు హార్మోన్ పోస్ట్‌డాక్ | సోమవారం, రాత్రి 9:15

బాగా చేశారు. గ్లూకగాన్ పట్టకపోవడం మంచి సంగతే. డైల్యూషన్, రికవరీ రెండూ చెడాయంటే ప్లాస్మా ప్రోటీన్లు అడ్డు పడుతున్నాయి. ఇథనాల్‌తో ఎక్స్‌ట్రాక్ట్ చేయండి, చివరి గాఢత 70 శాతం ఉండేలా. ప్రోటీన్లు దిగిపోతాయి, పెప్టైడ్ పైన ద్రవంలో ఉంటుంది. దాన్ని ఆరబెట్టి అస్సే బఫర్‌లో కరిగించండి. ఇక్కడ మేము ఎప్పుడూ చేసే పనే ఇది. ఎక్స్‌ట్రాక్షన్‌లో ఎంత పోతుందో తెలియడానికి, ముందే పెప్టైడ్ కలిపిన ప్లాస్మా గొట్టాలు కూడా పక్కన నడపండి.

జువాలజీ విశాఖ | సోమవారం, రాత్రి 9:40

ఒక్కో ఎలుక నుంచి మిగిలింది 200 మైక్రోలీటర్లు. సరిపోతుందా? రెండు ఎలుకల ప్లాస్మా కలపొచ్చా?

పాతకాలం ఆర్ఐఏ | మంగళవారం, ఉదయం 5:55

ఎలుకల ప్లాస్మా కలపకండి, ఒక్కోదాని విలువ పోతుంది. 200 అంతా ఎక్స్‌ట్రాక్ట్ చేసి తక్కువ బఫర్‌లో కరిగించండి, గాఢత పెరిగి కర్వ్ మధ్యలోకి వస్తుంది. ముందు పనికిరాని ప్లాస్మాతో ఒకసారి చేసి చేయి తిప్పుకోండి. మంచి శాంపిల్స్‌ని అప్పటిదాకా మైనస్ 80లోంచి బయటికి తీయొద్దు, కరిగించి మళ్లీ గడ్డకట్టించొద్దు. పరగడుపువీ, మేత తర్వాతవీ ఒకే ప్లేట్‌లో, ఒకే లాట్ (తయారీ బ్యాచ్) కిట్‌తో నడపండి. ప్లేట్ రీడింగ్ రాగానే ఇక్కడ పెట్టండి, అందరం చూస్తాం.